ట్రైలోబైట్ల క్రమాలు ఎన్ని? ఏ భాగం చూసి ఏది తేల్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 1959 నాటి పెద్ద సంకలనంలో ట్రైలోబైట్లకు (ఎప్పుడో అంతరించిన, కీళ్ల కాళ్ల సముద్ర జీవులు) ఏడు క్రమాలు (వర్గీకరణలో కుటుంబానికి పై మెట్టు) ఉన్నాయి, తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఎనిమిది, ఈమధ్య వ్యాసాల్లో పదీ అంతకు మించీ కనిపిస్తున్నాయి, ఏది నమ్మాలి? అగ్నోస్టిడ్లు అనే బుల్లి జీవులు అసలు ట్రైలోబైట్లేనా? మీ దగ్గరున్న మొరాకో నమూనా మీద అతికించిన "ఫేకాప్స్" అనే పేరు సరైనదేనా?

ఆ సంఖ్యల్లో ఏదీ తప్పు కాదు, ఏదీ ఆఖరిదీ కాదు. మనకు రాతిలో దొరికేది చాలావరకు జంతువు కాదు, దాని వీపు మీది పెంకు. అందులోనూ ఎక్కువ భాగం అది పెరుగుతూ విడిచేసిన కుబుసాలు. ఇప్పటికి ఇరవై వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. వాటిలో కాళ్లు కనిపించినవి కొన్ని పదుల జాతులు మాత్రమే. ఎవరు ఎవరికి బంధువో తేల్చే సాక్ష్యంలో సగం కడుపు వైపున, పిల్ల దశల్లో ఉంటుంది. అలాంటి సాక్ష్యం కొత్తగా దొరికినప్పుడల్లా జాబితా మారుతుంది. అందుకే జాబితాను బట్టీ పట్టకండి, ఏ భాగం ఏ స్థాయిలో ఏం చెబుతుందో పట్టుకోండి అంటాను.

ముందు శరీరం సంగతి. ట్రైలోబైట్ అన్న పేరులోని మూడు భాగాలంటే తల, నడుము, తోక అని చాలామంది అనుకుంటారు. కాదు. నిలువుగా చూడాలి: మధ్యలో ఉబ్బెత్తుగా సాగే అక్షం, దానికి అటూ ఇటూ రెండు పక్క పలకలు. అడ్డంగా చూసినా మూడు ముక్కలే వస్తాయి కాబట్టి ఈ గందరగోళం సహజం. ఆ ముక్కలు సెఫలాన్ అనే తల కవచం, విడివిడి ఖండాలతో కదిలే థోరాక్స్, ఖండాలు అతుక్కుపోయి ఒకే పలకగా మారిన పిజీడియం. పెంకు కాల్సైట్‌తో (సున్నపురాయిలో ఉండే ఖనిజం) గట్టిపడింది. అది అంచుల దగ్గర కిందికి మడుచుకుని కొద్ది దూరం లోపలికి వెళ్లి ఆగిపోతుంది. ఆ మడతను డబ్లూర్ అంటారు. దాని లోపల కడుపంతా మెత్తటి చర్మమే. కాళ్లకూ కాల్సైట్ లేదు. అందుకే కోట్ల సంఖ్యలో పెంకులు మిగిలాయి, కాళ్లు మిగల్లేదు.

తల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, వర్గీకరణ గొడవ మొత్తం మొదలైంది అక్కడే. మధ్యలో ఉబ్బిన భాగం గ్లాబెల్లా. దానికి రెండు వైపులా చెంపలు. ఎక్కువ ట్రైలోబైట్లలో చెంప మీదుగా, కంటి పక్కనుంచి ఒక సన్నని గీత పోతుంది. అదే ఫేషియల్ సూచర్ అనే అతుకు. కుబుసం విడిచేటప్పుడు చాలా రకాల్లో పెంకు ఆ గీత వెంట విడిపోయేది. బయటి వైపు ఊడిపోయేది విడి చెంప, గ్లాబెల్లాతో ఉండిపోయేది స్థిర చెంప. రాళ్లలో విడి చెంపలు లేని తలలు అంత ఎక్కువగా దొరకడానికి కారణం ఇదే. కొత్తవాళ్లు వాటిని "విరిగిన నమూనా" అని పక్కన పడేస్తుంటారు. అది విరగలేదు, పని పూర్తయ్యాక వదిలేసినది.

ఆ గీత వెనక ఎక్కడ తేలుతుందన్నది చూడాలి. తల వెనక అంచున, చెంప మూలకు లోపలి వైపు తేలితే ఒపిస్తోపేరియన్. అప్పుడు చెంప ముల్లు విడి చెంపతోపాటు పోతుంది. పక్క అంచున, మూలకు ముందే తేలితే ప్రోపేరియన్, ముల్లు స్థిర చెంపతో ఉండిపోతుంది. సరిగ్గా మూల మీదే తేలితే గొనాటోపేరియన్, కాలిమీన్ బంధువుల్లో ఇది కనిపిస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ ఎమర్సన్ బీచర్ 1897లో ఈ గీతనే ఆధారం చేసుకుని ట్రైలోబైట్లను మూడు క్రమాలుగా విభజించాడు: హైపోపేరియా, ఒపిస్తోపేరియా, ప్రోపేరియా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నేర్పడానికి తేలిక. కానీ నిలబడలేదు. ప్రోపేరియన్ గీత ఒకదానితో ఒకటి సంబంధం లేని వంశాల్లో విడివిడిగా వచ్చింది. హైపోపేరియాలో అయితే అగ్నోస్టస్, ట్రైన్యూక్లియస్, హార్పెస్ వంటి వాటి బంధువులన్నీ ఒకే చోట చేరాయి. వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. గీత ఉపయోగం మాత్రం పోలేదు, గుర్తుపట్టడానికి ఇప్పటికీ నేను ముందు చూసేది దాన్నే. అది ఒక్కటే చుట్టరికాన్ని తేల్చదు, అంతే.

ఇప్పుడు తలను తిరగేయండి. గ్లాబెల్లా కింద, నోటికి ముందు హైపోస్టోమ్ అనే గట్టి పలక ఉంటుంది. నోరు దాని వెనక ఉండి వెనక్కి తిరిగి ఉంటుంది. ఈ పలక మూడు రకాలుగా అమరుతుంది. ముందు అంచు మడతకు అతకకుండా మెత్తటి చర్మంలో తేలుతూ ఉంటే నేటంట్. మడతకు అతుక్కుని, దాని ముందు అంచు పైనున్న గ్లాబెల్లా ముందు అంచుతో సరిపోతే కాన్‌టెర్మినంట్. అతుక్కున్నా ఆ సరిపోలిక లేకపోతే ఇంపెండెంట్. బ్రిటిష్ పురాజీవ శాస్త్రవేత్త రిచర్డ్ ఫోర్టీ 1990లో ఈ అమరికను, పిల్ల దశలను కలిపి చూసి వర్గీకరణను తిరగరాశాడు. బీచర్ తర్వాత ఈ రంగంలో అంత పెద్ద మలుపు ఇదేనని నేననుకుంటాను. ఈ పలక తిండి గురించి కూడా చెబుతుంది. గట్టిగా అతుక్కుని వెనక ఫోర్కులా చీలిన హైపోస్టోమ్ ఉన్నవి, ఉదాహరణకు ఐసోటీలస్, పెద్ద ముక్కలను పట్టి చీల్చేవనీ, తేలే పలక ఉన్న చిన్న జీవులు బురదలోని సూక్ష్మ పదార్థాన్ని ఏరుకు తినేవనీ ఒక బలమైన వాదన ఉంది.

పిల్ల దశల మాటకొస్తే, ట్రైలోబైట్ జీవితాన్ని మూడు దశలుగా చెప్తారు. ప్రోటాస్పిస్‌లో తలా తోకా విడిపోలేదు, మొత్తం ఒకే చిన్న పలక, సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే. తలకూ మిగతా ఒంటికీ మధ్య కీలు ఏర్పడగానే మెరాస్పిస్ మొదలవుతుంది. అప్పటినుంచి తోక పలక ముందు అంచున ఒక్కో ఖండం విడివడి థోరాక్స్‌లో చేరుతుంది. ఖండాల సంఖ్య పూర్తయ్యాక హోలాస్పిస్. ఆ తర్వాత కూడా కుబుసాలు విడుస్తూ పెరుగుతుంది కానీ థోరాక్స్ ఖండాలు పెరగవు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త యోకిమ్ బరాండ్ 1852లో, బొహీమియాలో (నేటి చెక్ దేశం) దొరికిన ట్రైలోబైట్ సావో హిర్సూటా పెరుగుదలను వరుసగా పేర్చి చూపించాడు. అంతకు ముందు అదే జీవి పిల్ల దశలకు వేర్వేరు పేర్లు పెట్టేశారు. పిల్ల దశలు తెలియకపోతే ఒకే జంతువు పలు జాతులుగా ఎలా మారిపోతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే ఇస్తాను.

ఇక మీ సంఖ్యలకు వద్దాం. 1959 సంకలనంలోని ఏడు ఇవి: అగ్నోస్టిడా, రెడ్లికియిడా, కోరినెక్సోకిడా, టైకోపేరియిడా, ఫేకోపిడా, లైకిడా, ఒడొంటోప్లూరిడా. తర్వాత ఫోర్టీ వర్గీకరణలో ఆసాఫిడా, ప్రోయిటిడా క్రమాలుగా నిలిచాయి, ఒడొంటోప్లూరిడాను లైకిడాలో కలిపేశారు. దాంతో ఎనిమిది. 2002లో హార్పెటిడాను విడదీశారు, తొమ్మిది. ఒడొంటోప్లూరిడాను మళ్లీ విడిగా లెక్కించేవారికి పది. ట్రైన్యూక్లియస్ బంధువులను 1988లో ఆసాఫిడాలో చేర్చారు. వాటిని 2020లో బయటికి తీసి ట్రైన్యూక్లియిడా అన్నారు. ఆలకోప్లూరిడా, ఒలెనిడా అని ఇంకొన్ని కూడా కొందరు వాడతారు. మీరు చూసిన తేడాల్లో ఎక్కువ ఈ కూడికలు, తీసివేతలే.

ట్రైన్యూక్లియిడా కథ నాకు ఇష్టం, ఎందుకంటే సాక్ష్యం ఎలా పనిచేస్తుందో అందులో తెలుస్తుంది. ఆసాఫిడాను నిర్వచించిన లక్షణాల్లో ఒకటి తల అడుగు మడతలో నట్టనడుమ నిలువుగా ఉండే ఒక అతుకు, ఇంకొకటి ఉబ్బిన బంతి లాంటి ప్రోటాస్పిస్. ట్రైన్యూక్లియస్ బంధువుల తొలి రూపాలనూ పిల్ల దశలనూ దగ్గరగా చూస్తే ఆ చుట్టరికం నిలవలేదు. పైనుంచి మాత్రమే చూస్తే ఇంకో పొరపాటుకూ తావుంది. ట్రైన్యూక్లియిడ్లకూ హార్పెటిడ్లకూ తల చుట్టూ గుంటల వరసలతో వెడల్పాటి అంచు ఉంటుంది. చూడగానే అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ హార్పెటిడ్ల అంచు గుర్రపు నాడాలా థోరాక్స్ పక్కగా బాగా వెనక్కి సాగుతుంది. ఈ రెండింటికీ అంచు విడివిడిగానే వచ్చింది.

అన్నింటికన్నా తలనొప్పి టైకోపేరియిడా. మిగతా క్రమాల్లో ఇమడని, కేంబ్రియన్ (ట్రైలోబైట్లు మొదలైన భూయుగం) నాటి రకాలన్నింటినీ తోసేసిన అటక అది. ఎల్రాథియా కింగీ లాంటి ప్రసిద్ధ జీవులు కూడా అక్కడే ఉన్నాయి. ఉమ్మడి పూర్వీకుడూ అతని సంతతి అంతా కలిసి ఉంటేనే సహజ సమూహం అంటాం. ఇది అలాంటిది కాదని ఈ రంగంలో అందరికీ తెలుసు. అయినా ఎలా విడదీయాలో ఏకాభిప్రాయం లేక వాడుతూనే ఉన్నాం. 2011లో పురాజీవ శాస్త్రవేత్త జొనాథన్ ఆడ్రెయిన్ ఇచ్చిన వర్గీకరణలో చాలా కుటుంబాల పక్కన "క్రమం అనిశ్చితం" అని రాశాడు. దాన్ని కొందరు చేతులెత్తేయడమన్నారు. నాకైతే అది ఉన్నదున్నట్టు చెప్పడమే. పైగా దాని తర్వాతి యుగమైన ఆర్డోవిషియన్‌లో విస్తరించిన చాలా వంశాలకు కేంబ్రియన్‌లో పూర్వీకులెవరో స్పష్టంగా దొరకదు. ఈ ముడి విడితే తప్ప క్రమాల సంఖ్య కుదురుకోదు.

థోరాక్స్, పిజీడియం గురించి ఎక్కువ చెప్పను. ఖండాలు లెక్కపెట్టడం తేలిక, ఉపయోగం కూడా: అగ్నోస్టిడ్లలో రెండు, ఆసాఫస్ బంధువుల్లో సాధారణంగా ఎనిమిది, ఫేకాప్స్‌లో పదకొండు, కాలిమీన్‌లో సాధారణంగా పదమూడు. కేంబ్రియన్ నాటి ఆస్ట్రేలియా జీవి బాల్కొరకానియాలో 103 దాకా ఉన్నాయి. అయితే ఇందులోనూ మినహాయింపులున్నాయి. ఆర్డోవిషియన్ తర్వాతిదైన సైలూరియన్ యుగపు జీవి ఆలకోప్లూరా కొనింకీలో ఎదిగిన వాటికే 18 నుంచి 22 దాకా మారుతూ ఉంటాయి. తోక పలక తలతో సమానంగా ఉందా, బుల్లిదా అన్నది కూడా గమనించండి. తొలి రెడ్లికియిడాలో అది చాలా చిన్నది, ఆసాఫిడాలో తలంత.

కళ్ల గురించి మీరు అడగలేదు, కానీ మీ నమూనాకు అవే కీలకం. ఎక్కువ ట్రైలోబైట్లకు హోలోక్రోల్ కళ్లు: చిన్న కటకాలు ఒకదాన్నొకటి ఆనుకుని, అన్నింటి మీదా ఒకే పొర. కొన్నింటిలో ఇలాంటి కటకాలు వేలల్లో ఉంటాయి. ఫేకాప్స్, డాల్మనైటీస్ బంధువులకు స్కిజోక్రోల్ కళ్లు: తక్కువ సంఖ్యలో పెద్ద కటకాలు, ప్రతిదానికీ సొంత పొర, మధ్యలో గోడల్లాంటి భాగం. మూడోది అబాథోక్రోల్, ఇది ఇయోడిస్కిడ్లు అనే, రెండు మూడు ఖండాల చిన్న ట్రైలోబైట్లలోనే కనిపిస్తుంది. కాల్సైట్ గుండా చూస్తే ప్రతి వస్తువూ రెండుగా కనిపిస్తుంది. ఈ కటకాల్లో మాత్రం స్ఫటికపు ప్రధాన అక్షం కటకం ఉపరితలానికి లంబంగా ఉంటుంది, ఆ దిశలో రెండు బొమ్మలు రావు. యువాన్ క్లార్క్‌సన్, రికార్డో లెవీ సెట్టీ 1975లో ఒక అడుగు ముందుకు వేసి, స్కిజోక్రోల్ కటకం రెండు పొరలతో ఉండి బొమ్మ చెదరకుండా సరిచేసుకునేదని, పొరల మధ్య ఆకారం పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్తలు డెకార్ట్, హైగెన్స్ గీసిన కటకాలను పోలి ఉందని చూపించారు. దీనికి 2019లో సవాలు వచ్చింది. ఒక శిలాజ ఈగ జాతి కళ్లు చనిపోయాక కాల్సైట్‌గా మారినట్టు చూపించి, ట్రైలోబైట్ కళ్లలోనూ అదే జరిగి ఉండవచ్చన్నారు. లోపలి పొరల వివరాల మీద అనుమానం న్యాయమే. కానీ చుట్టూ ఉన్న పెంకు బతికుండగానే కాల్సైట్ అయినప్పుడు, ఒక్క కటకాలు మాత్రమే కాదనడం నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. ఇంకోమాట, కళ్లు లేకపోవడం ఆదిమ లక్షణం కానక్కర్లేదు. ట్రైమెరోసెఫలస్ లాంటి, డెవోనియన్ (సైలూరియన్ తర్వాతి యుగం) చివరి ఫేకోపిడ్లు కళ్లున్న పూర్వీకుల నుంచి వచ్చి వాటిని పోగొట్టుకున్నవే.

కాళ్లు దొరికిన చోట్లు కొన్నే. న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ పట్టణం దగ్గర ఆర్డోవిషియన్ పొరలో ట్రైయార్థ్రస్ కాళ్లు, స్పర్శశృంగాలతో (తల ముందుండే మీసాల్లాంటివి) సహా పైరైట్ అనే ఇనుప ఖనిజంగా మారి మిగిలాయి. బీచర్ 1893 నుంచి వాటిని వర్ణించాడు. కెనడాలోని బర్జెస్ షేల్ అనే రాతి పొరలో కాళ్లతో సహా మిగిలిన ఒలెనాయిడీస్ ఉంది. ఇవన్నీ కలిపి చూస్తే ప్లాన్ ఒక్కటే: ఒక జత స్పర్శశృంగాలు, ఆ తర్వాత తలనుంచి తోకదాకా దాదాపు ఒకే తీరు కాళ్లు. ప్రతి కాలికీ రెండు శాఖలు, లోపలిది నడవడానికి, బయటిది సన్నని తంతువులతో. బయటి శాఖ మొప్పేనా కాదా అని చాలాకాలం వాదన నడిచింది. 2021లో ట్రైయార్థ్రస్ తంతువుల అడ్డకోతను చూసి, అది మొప్పలాగే ఉందని చూపించారు. కాళ్ల మొదళ్లలోని ముళ్లు తిండిని నలిపి ముందుకు, వెనక్కి తిరిగిన నోటి వైపు నెట్టేవి. 2023లో చెక్ దేశపు ట్రైలోబైట్ బొహెమోలైకస్ పేగులో ఆస్ట్రకోడ్లనే చిన్న చిప్ప జీవుల పెంకులు, ఇతర జీవుల ముక్కలు కిక్కిరిసి కనిపించాయి, దొరికింది దొరికినట్టు మింగేదన్నమాట. 2024లో మొరాకోలోని అగ్నిపర్వత బూడిదలో కప్పబడిపోయిన కేంబ్రియన్ ట్రైలోబైట్లు నోటి చుట్టూ ఉన్న మెత్తటి భాగాలను కూడా మూడు కొలతల్లో చూపించాయి. ఇంత సమాచారం వచ్చినా క్రమాలను విడదీయడానికి కాళ్లు పెద్దగా సాయపడవు, అవి అందరికీ దాదాపు ఒకటే కాబట్టి.

ఒక్క అగ్నోస్టిడ్ల విషయంలో మాత్రం కాళ్లే గొడవ తెచ్చాయి. కొన్ని మిల్లీమీటర్ల జీవులు, కళ్లు లేవు, తలా తోకా ఒకేలా, మధ్యలో రెండే ఖండాలు. స్వీడన్‌లోని ఆర్‌స్టెన్ సున్నపురాయి గడ్డల్లో అగ్నోస్టస్ పిసిఫార్మిస్ పిల్లల కాళ్లు అద్భుతంగా మిగిలాయి. వాటిని 1987లో వర్ణించిన ముల్లర్, వాలోసెక్ అవి క్రస్టేసియన్ల (రొయ్యలు, పీతల వర్గం) వైపు మొగ్గుతున్నాయన్నారు. 2019లో బర్జెస్ షేల్ నమూనాల్లో పేగు, కాళ్లు చూసిన మొయిసియుక్, కారన్ వాటిని మళ్లీ ట్రైలోబైట్ల పక్కకే తెచ్చారు. నేను ఈ రెండో వైపే. ట్రైలోబైట్ల లోపలా, సరిగ్గా గడప బయటా అన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది. రెండు మూడు ఖండాల ఇయోడిస్కిడ్లు మాత్రం నిస్సందేహంగా ట్రైలోబైట్లే. కొన్నింటికి కళ్లూ, అతుకు గీతా ఉన్నాయి.

గుర్తుపట్టేటప్పుడు కాలాన్ని మరవకండి. సుమారు 52 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైన ఈ జీవులు 25.2 కోట్ల సంవత్సరాల క్రితం పెర్మియన్ చివర అంతరించాయి. డెవోనియన్ చివరి దెబ్బల తర్వాత మిగిలింది ప్రోయిటిడా ఒక్కటే. కాబట్టి డెవోనియన్ తర్వాతిదైన కార్బోనిఫెరస్ యుగపు రాతిలో దొరికినదాన్ని ఎవరైనా ఫేకాప్స్ అని అమ్మితే, రాయి వయసైనా తప్పు, పేరైనా తప్పు.

మీ నమూనా సంగతి. డెవోనియన్, మొరాకో, పెద్ద కటకాల కళ్లు, పదకొండు ఖండాలు, ముందుకు ఉబ్బిన గ్లాబెల్లా అని రాశారు. ఫేకోపిడే కుటుంబం వరకు ధైర్యంగా రాసుకోవచ్చు. "ఫేకాప్స్" అని ప్రజాతి రాయడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ పేరు జర్మనీలో దొరికిన ఫేకాప్స్ లాటిఫ్రాన్స్‌ను ప్రమాణంగా పెట్టుకున్నది. మొరాకోలో అమ్మే చాలావాటిని ఇప్పుడు డ్రోటాప్స్, మోరోకాప్స్, ఆస్టెరాప్స్ వంటి ప్రజాతుల్లో పెట్టారు. ఉత్తర అమెరికాలోని ఫేకాప్స్ రానా కూడా ఎల్‌డ్రెడ్జియాప్స్ రానా అయింది. పెంకు మీద గట్టి బొడిపెలు, పెద్ద సైజు ఉంటే డ్రోటాప్స్ వైపు చూడండి. దానికన్నా ముందు అది అసలుదేనా అన్నది చూసుకోండి. భూతద్దంతో చూసినప్పుడు గుండ్రటి సూది గుంటలు కనిపిస్తే అవి నకిలీ భాగాలు పోతపోసే రెజిన్‌లో చిక్కిన గాలి బుడగలు కావచ్చు. రాతిలోని తెల్ల కాల్సైట్ గీత పెంకు గుండా కూడా కొనసాగితే మంచి సూచన.

మళ్లీ ఫొటో తీస్తే పైనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి, పక్కనుంచి కంటికి బాగా దగ్గరగా ఒకటి పెట్టండి. పక్క ఫొటోలో కటకాల నిలువు వరసలు లెక్కపెట్టగలగాలి. అమెరికన్ పురాజీవ శాస్త్రవేత్త నైల్స్ ఎల్‌డ్రెడ్జ్ ఉత్తర అమెరికా ఫేకాప్స్ రానాలో ఆ వరసలు 18 నుంచి 17కు తగ్గడాన్ని గమనించే, జాతులు చాలాకాలం స్థిరంగా ఉండి తక్కువ సమయంలో మారతాయన్న వాదనకు ఆధారం చేసుకున్నాడు, దాన్నే 1972లో స్టీఫెన్ జే గూల్డ్‌తో కలిసి ప్రచురించాడు. తల అడుగున రాయి ఇంకా అంటుకుని ఉంటే దాన్ని గీకకండి, హైపోస్టోమ్ అక్కడే ఉండొచ్చు. లేబుల్ మీద ప్రస్తుతానికి కుటుంబం పేరు, దొరికిన ఊరు, అమ్మినవారు చెప్పిన పొర రాసి ఉంచండి.